బిస్కెట్టులో జోస్యం

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ కదా ఇది. ఈ పూట మీతో ఒక బిస్కెట్టు సంగతి చెప్పుకుందామని వచ్చాను. చేసే విధానం కూడా చెబుతాను గాని, అసలు సంగతి బిస్కెట్టుది కాదు, దాని కడుపులో వుండే కాగితం చీటీది.

మొన్న దసరాకు మా ఎదురింటి అక్క కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. మా నిజామాబాదులో ఏ వీధి చూసినా ఒక ఇంటి పిల్లవాడు గల్ఫులో వుంటాడు, ఒక ఇంటి పిల్లవాడు అమెరికాలో వుంటాడు. వాళ్ళు వచ్చినప్పుడల్లా వీధంతటికీ చాక్లెట్లు పంచడం మామూలే. ఈ అబ్బాయి చాక్లెట్లతోపాటు ఒక బిస్కెట్ల పొట్లం తెచ్చాడు. చూస్తే మన గరిజెలే! కోస్తా జిల్లాల వాళ్ళు కజ్జికాయలంటారే, అవి. కాకపోతే చిన్నవి. రెండు కొనలూ దగ్గరికి వంచి వున్నాయి. విరిచి చూస్తే లోపల కొబ్బరీ లేదు, పుట్నాల పొడీ లేదు, వేలెడంత కాగితం చీటీ వుంది. దాని మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం. అబ్బాయి చదివి చెప్పాడు: త్వరలో ఈ ఇంట ఒక మార్పు రాబోతోంది, ధైర్యంగా ఎదురు వెళ్ళండి అని.

అప్పుడు చూడాలి మా ముఖాలు! అక్క అత్తగారు, "మార్పంటే పెండ్లే, ఇంకేముంటది?" అన్నారు. అక్క కూతురికి అప్పుడే పుణేలో ఉద్యోగం వచ్చింది. ఆ పిల్ల, "నా ఉద్యోగం గురించే రాసిండ్రు" అని చప్పట్లు కొట్టింది. అక్క మాత్రం చేతిలో కప్పు అలాగే పట్టుకుని, "ఈ మార్పు మంచికేనంటవా, చెల్లె?" అని నన్నడిగింది. నిజం చెప్పొద్దూ, నాకు తట్టింది ఏమిటంటే, మా పనిమనిషి మానేస్తుందేమోనని! చీటీ ఒక్కటే. నలుగురు ఆడవాళ్ళం నాలుగు అర్థాలు చెప్పుకున్నాం. అదిగో, అక్కడే నాకు దీని సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది.

దీన్ని ఫార్చూన్ కుకీ అంటారు. అమెరికాలో చైనా భోజనశాలకు వెళితే, మనకు భోజనమయ్యాక సోంపు ఇచ్చినట్టు, బిల్లుతోపాటు మనిషికొకటి ఇస్తారు. కనుక చైనా వంటకమే అనుకుంటాం. కాని చైనాలో ఇది లేదు! 1990లలో ఒక అమెరికా కంపెనీ వీటిని చైనాలో అమ్మబోతే అక్కడి జనానికి రుచించలేదట. దీని పుట్టినిల్లు జపాన్. క్యోటో నగరంలో ఫుషిమి ఇనారి అనే పెద్ద కోవెల వుంది. ఆ చుట్టుపక్కల దుకాణాల్లో పొడుగు కాడల ఇనప అచ్చుల్లో పిండి పోసి, నిప్పుల మీద కాల్చి, చీటీ పెట్టి మడిచే బిస్కెట్టు తరతరాలుగా వుంది. అది కొంచెం పెద్దది, నలుపు తిరిగి వుంటుంది. నువ్వులూ, సోయా చిక్కుళ్ళను పులియబెట్టి చేసే మిసో అనే ముద్దా వేస్తారు. చీటీ కూడా లోపల కాకుండా బయటి మడతలో ఇరికిస్తారు. యాసుకో నాకమాచి అనే జపాను పరిశోధకురాలు పాత పుస్తకాలు వెదికి, 1878 నాటి ఒక బొమ్మలో ఈ బిస్కెట్లు కాల్చేవాణ్ణి చూపించింది. ఒక ఆడమనిషి ఓపికగా వెదికితే గాని దీని పుట్టుక తేలలేదు.

జపాను కోవెళ్ళలో చీటీ తీసుకోవడం పాత ఆచారం. అదృష్టం, మహా అదృష్టం, దురదృష్టం అని మెట్లుమెట్లుగా రాసి వుంటుంది. చెడ్డ చీటీ వస్తే ఇంటికి తెచ్చుకోరు. అక్కడే చెట్టుకొమ్మకో, తీగకో కట్టేసి వస్తారు. మనం దిష్టి తీసి నాలుగు దారుల్లో పారేసినట్టే కదూ!

జపాను నుంచి అమెరికాకు బతకడానికి వెళ్ళినవాళ్ళు ఈ బిస్కెట్టునూ వెంట తీసుకువెళ్ళారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాను పద్ధతిలో పెంచిన ఒక తోట వుంది. దాన్ని చూసుకునే మకోటో హగివారా అనే ఆయన 1900 తర్వాతి రోజుల్లో వచ్చినవారికి తేనీటితోపాటు వీటిని ఇచ్చేవాడు. లాస్ ఏంజెలెస్‌లో నూడుల్స్ చేసే డేవిడ్ జంగ్ అనే చైనా ఆయన కనిపెట్టాడని ఇంకో వాదన వుంది. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సరదాకు ఒక ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదించుకుని, మా వూరిదే అని తీర్పు చెప్పుకున్నారు!

మరి జపాను వాళ్ళ బిస్కెట్టు చైనా భోజనశాలకు ఎలా చేరింది? ఈ ముక్క నవ్వుకునేది కాదు. 1942లో, జపానుతో యుద్ధం వచ్చినప్పుడు, అమెరికా ప్రభుత్వం తన దేశంలో వున్న జపాను సంతతివాళ్ళను సుమారు లక్షా ఇరవై వేలమందిని ఇళ్ళూ దుకాణాలూ వదిలించి ముళ్ళకంచెల శిబిరాలకు పంపింది. వాళ్ళలో చాలామంది అక్కడే పుట్టిన పిల్లలు. వాళ్ళ రొట్టెల దుకాణాలు మూతపడ్డాయి. గిరాకీ మాత్రం పోలేదు. చైనా వ్యాపారులు చెయ్యడం మొదలుపెట్టారు. యుద్ధం ముగిశాక బిస్కెట్టు వాళ్ళదే అయిపోయింది. రేపటి సంగతి చెప్పే చీటీలు చేసి అమ్మినవాళ్ళకు తమ రేపు ఏమిటో ఏ చీటీ చెప్పలేదు చూశారా?

ఇక చేసే విధానం. మైదా, పంచదార, గుడ్డులోని తెల్లసొన, కొంచెం నూనె, వెనిల్లా చుక్క. ఇంతే. పలచగా జారేలా కలిపి, రేకు మీద అరచేతి వెడల్పున గుండ్రంగా పోసి, ఓవెనులో అంచులు ఎర్రబడేదాకా కాలుస్తారు. పొయ్యిలోంచి తీసినప్పుడు అది దోసెలా మెత్తగానే వుంటుంది. చీటీ పెట్టి సగానికి మడిచి, గిన్నె అంచు మీద ఆనించి వంచాలి. దానికి వుండే వ్యవధి కొద్ది సెకండ్లే! ఆరితే విరుగుతుంది గాని వంగదు. కారణం పంచదార. వేడి మీద పంచదార సాగుతుంది, చల్లారితే గాజులా గట్టిపడుతుంది. పల్లీపట్టీ చేసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాలా? పళ్ళెంలో పోసిన పాకం ఆరకముందే గాట్లు పెట్టకపోతే తరువాత సుత్తి తెచ్చుకోవలసిందే. నేను బోధన్‌లో పెరిగినదాన్ని. 1937లో మొదలై, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు మోసిన చక్కెర ఫ్యాక్టరీ వున్న వూరు. మాకు చెరుకు బండ్ల వెంట పరుగెత్తే వయసులోనే పాకం గుణం తెలుసు.

సరే, ఆ చీటీలు ఎవరు రాస్తారు? ఏ సిద్ధుడో, జ్యోతిష్కుడో అనుకునేరు. న్యూయార్కులో వీటిని చేసే పెద్ద కంపెనీ ఒకటుంది. రోజుకు నలభై లక్షలకు పైగా చేస్తుంది. అందులో డొనాల్డ్ లౌ అనే ఉద్యోగి సుమారు ముప్పయి ఏళ్ళపాటు ఈ వాక్యాలు రాశాడు. ఆయనకు జాతకాలు రావు. కంపెనీలో ఇంగ్లీషు బాగా వచ్చినవాడు గనుక ఆ పని ఆయన మీద పడింది. రాసిరాసి, కొత్తగా ఏమీ తోచక, 2017లో ఆ పని మానేశాడు. అంటే మా అక్కను కలవరపెట్టిన వాక్యం కూడా ఇలాంటి ఏ ఉద్యోగో తన బల్ల దగ్గర కూర్చుని, టీ తాగుతూ రాసి వుంటాడు. అక్కకు పుణే వెళ్ళవలసిన కూతురుందని అతనికేం తెలుసు?

"అయ్యో, ఒక్కోసారి నిజమవుతాయి కదమ్మా" అంటారు మీరు. అవుతాయి. 2005 మార్చి 30న అమెరికాలో ఒక పెద్ద లాటరీ తీశారు. రెండో బహుమతి నలుగురికో ఐదుగురికో రావాలి. 110 మందికి వచ్చింది! అధికారులు మోసం జరిగిందని హడలిపోయారు. తీరా అడిగితే, చాలామంది చెప్పింది ఒకటే: బిస్కెట్టు చీటీ మీద వున్న అంకెలు వేశాం అని. 22, 28, 32, 33, 39. ఐదూ తగిలాయి. ఆరో అంకె చీటీలో 40, లాటరీలో 42. అదీ తగిలివుంటే మొదటి బహుమతే! ఒక్కొక్కరికీ లక్ష డాలర్లు, కొందరికి ఐదు లక్షల డాలర్లు దక్కాయి. ఇది కట్టుకథ కాదు, జరిగింది. కాని ఆలోచించండి. ఆ అంకెలు ఎవరి జాతకం చూసి వేసినవీ కావు, తోచినట్టు వేసినవి. కోట్ల చీటీలు కోట్లమంది చేతుల్లో పడుతుంటే, ఏనాడో ఒకటి తగులుతుంది. తగలని కోట్ల చీటీల గురించి ఏ పత్రికా రాయదు. మన ఇంటి పెద్దవాళ్ళు నిజమైన జోస్యాలను పదేపదే చెబుతారు గాని, తప్పిన వాటిని ఎప్పుడైనా చెప్పారా?

ఇదంతా పరాయి దేశపు వింత అని నవ్వుకోకండి. మనకూ వుంది. పాత రైల్వే స్టేషన్లలో తూకం మిషను గుర్తుందా? రంగురంగుల దీపాలు, గిరగిర తిరిగే చక్రం, రూపాయి వేస్తే టక్కున పడే అట్టముక్క. ఒకపక్క బరువు, ఇంకోపక్క జోస్యం. మా నిజామాబాదు స్టేషనులో నేనూ మా తమ్ముడూ ఒకసారి వెంటవెంటనే రెండుసార్లు ఎక్కాం. బరువు మారలేదు. మొదటి టిక్కెట్టులో 'మీరు శాంతమూర్తులు', రెండోదాంట్లో 'మీకు కోపం ఎక్కువ'! తమ్ముడేమో, "రెండోది నిజం" అన్నాడు, నేను వాడి చెవి మెలిపెట్టాను. ఇక వారఫలాలు చదవని ఇల్లేది? పంచాంగం చివర గళ్ళ మీద కళ్ళు మూసుకుని వేలుపెట్టని వాళ్ళెవరు?

మరి ఆ మాటలు మనకే చెప్పినట్టు ఎందుకుంటాయి? 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలో 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. వారం తరువాత ఎవరి స్వభావం వాళ్ళకు రాసి ఇచ్చి, ఎంతవరకు సరిపోయిందో ఐదుకు మార్కులు వెయ్యమన్నాడు. సగటున నాలుగుంపావు పైన వేశారు. "మా మనసు తెరిచి చూసినట్టు వుంది" అనుకునేంత బాగా కుదిరింది. తీరా చూస్తే, అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం! బజారులో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. పైకి ధైర్యంగా వున్నా లోపల బెంగ వుంటుంది, ఒక్కోసారి నలుగురిలో కలుస్తారు, ఒక్కోసారి ఒంటరితనం కోరతారు, ఇలాంటివి. ఇవి ఎవరికి సరిపోవు చెప్పండి? జాకెట్టు గుడ్డ మన కొలతకు కుట్టినది కాదు, కట్టుకున్నాక మనమే సర్దుకునే చీర లాంటిది ఈ వాక్యం. ఎవరు కట్టుకున్నా ఒంటికి అమరుతుంది.

ఇంతవరకూ వినోదమే. ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరితోనూ చెప్పుకోలేదు.

నేను పదో తరగతి ప్యాసయిన ఏడు, హైదరాబాదులో ఆరోగ్య కార్యకర్త ట్రైనింగుకు నాకు సీటు వచ్చింది. రెండేళ్ళు అక్కడే వుండి చదవాలి. నాన్న సరేనన్నట్టే వున్నారు. నాయనమ్మ మాత్రం, "పట్నంల ఆడపిల్ల ఒక్కతి ఎట్ల ఉంటది? చిలుకను అడుగుదాం" అంది. చిలుక జోస్యం అతను వచ్చి మా అరుగు మీద అట్టలు పరిచాడు. చిలుక పంజరంలోంచి వచ్చి, ఒక అట్ట తీసి, గింజ నోట పెట్టుకుని లోపలికి పోయింది. అట్ట మీద బొమ్మ: కుటీరం ముందు సీతమ్మ, దూరంగా బంగారు జింక. అతను బొమ్మ చూశాడు, నన్ను చూశాడు, నాయనమ్మ ముఖం చూశాడు. "ఈ ఇంటి ఆడపిల్లకు గడప దాటే యోగం ఉన్నదమ్మా, దారిల జాగ్రత్త కావాలె" అన్నాడు.

నాకు 'యోగం' వినబడింది. నాయనమ్మకు 'జాగ్రత్త' వినబడింది. ఆ రోజుల్లో ఎవరి మాట నెగ్గుతుందో మీకు తెలుసు. సీటు పోయింది. రెండేళ్ళకు పెళ్ళయి నిజామాబాదు వచ్చాను.

నాయనమ్మను నేను తప్పుపట్టను. ఆమెది భయం, అంతే. కాని ఆ భయాన్ని మా ఇంట్లో ఎవరూ పైకి చెప్పలేదు. పిల్ల ఎక్కడుంటుంది? తోడు ఎవరు? పండక్కి ఎవరు తెస్తారు? ఈ ప్రశ్నలు అడిగి వుంటే జవాబులు దొరికేవి. నాన్న పినతల్లి కొడుకు కుటుంబం హైదరాబాదులోనే వుండేది. ఎవరూ అడగలేదు. చిలుక చెప్పేసింది గనుక ఇక మాట్లాడుకోవలసిన పని లేదనుకున్నారు. చీటీ మాట్లాడటం మొదలుపెట్టాక మనుషులు మాట్లాడుకోవడం మానేశారు. జోస్యం వల్ల వచ్చిన నష్టం అది.

చిలుకను కూడా తప్పుపట్టను, పాపం. అది గింజ కోసం అట్ట తీసింది. అసలు దాన్ని పంజరంలో పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. తన గడప తాను దాటలేని జీవిని పట్టుకుని, నన్ను గడప దాటనివ్వాలా వద్దా అని అడిగారు!

ఒక మాట గమనించాను. నిర్ణయం ఎవరి చేతిలో లేదో వాళ్ళే చీటీని ఎక్కువ అడుగుతారు. 2015 డిసెంబరులో బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు, మా పుట్టింటి వాడలో సోది చెప్పేవాళ్ళకూ చిలుక వాళ్ళకూ తీరిక లేదు. మళ్ళీ తెరుస్తారా అని చిలుకను అడిగిన ఇల్లాళ్ళను చూసి నాకు నవ్వు రాలేదు. అడగవలసిన చోట అడిగితే వినేవాళ్ళు లేనప్పుడు, గింజ తినే పిట్టనే అడుగుతాం.

కనుక నేను మీకు వారఫలాలు చదవొద్దని చెప్పను. నేనూ చదువుతాను. ఒక్కటే మనవి. పిల్ల చదువు, పెళ్ళి, ఉద్యోగం, డబ్బు, ఒంట్లో నలత, ఈ ఐదింటి దగ్గర మాత్రం చీటీకి ఓటు ఇవ్వకండి. చీటీ చదివినప్పుడు మనసులో మొదట ఏం తట్టిందో పట్టుకోండి. అది చీటీది కాదు, మీది. మీ భయమో, మీ ఆశో. దాన్ని పైకి చెప్పండి.

పిల్లలకు సరదాగా వుండాలంటే చీటీలాట మనమూ ఆడవచ్చు. గరిజెల లోపల మాత్రం కాగితం పెట్టకండి. నూనెలో సిరా దిగుతుంది. పేపరులో తినుబండారాలు చుట్టవద్దని 2016లో ఆహార భద్రతా సంస్థ చెప్పింది కూడా. గరిజెలు ఒక పళ్ళెంలో, చీటీలు ఒక స్టీలు డబ్బాలో వేయండి. రాసేది మీరే. 'ఈ రాత్రి అంట్లు తోమే యోగం నాన్నగారిది' అని ఒకటి తప్పకుండా రాయండి. ఆ జోస్యం నిజం చేసే పూచీ ఇంటిల్లిపాదిదీ!

అన్నట్టు, ఎదురింటి అక్క సంగతి చెప్పనేలేదు. ఆ రోజు ఆమెతో, "అక్కా, మార్పు మంచిదా కాదా తరువాత చూద్దాం, నీ భయాలేమిటో చెప్పు" అన్నాను. నోట్‌బుక్కు తెచ్చి రాశాం. నాలుగు తేలాయి. పిల్ల ఎక్కడుంటుంది? ఆఫీసు నుంచి రాత్రి ఎలా వస్తుంది? జ్వరమొస్తే ఎవరున్నారు? మొదటి రెంటికీ పిల్లే జవాబు చెప్పింది. హాస్టలు చూసుకుందట, కంపెనీ బండి వుందట. మూడోదానికి అక్క మరిది తోడల్లుడు పుణేలోనే వున్నట్టు గుర్తొచ్చింది. నాలుగోది ఒక్కటే మిగిలింది. "పొద్దున లేవంగనే దాని ముఖం చూడకుంటే నాకు తోచదు, చెల్లె" అంది అక్క.

దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. పిల్ల వెళ్ళింది. రోజూ పొద్దున ఏడింటికి ఎదురింట్లో ఫోను మోగుతుంది. పాలు పొంగుతున్నా అక్క ముందు ఫోనే ఎత్తుతుంది.